48 పాయింట్ల కోచ్‌ని ఎందుకు తీసేయలేదు?

2016-17లో ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ అయిన ఎన్‌హెచ్‌ఎల్‌లో కొలరాడో అవలాంచ్ జట్టు 82 మ్యాచ్‌లు ఆడి 22 గెలిచింది, 56 ఓడింది, మిగతా నాలుగు అదనపు సమయానికి వెళ్లాక చేజార్చుకుంది. గెలుపుకు రెండు పాయింట్లు, అదనపు సమయంలోనో షూటౌట్‌లోనో ఓడితే ఒకటి. ఆ లెక్కన వచ్చినవి మొత్తం 48. ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆటగాళ్ల జీతాలకు పరిమితి పెట్టిన 2005 తర్వాత, అప్పటిదాకా, పూర్తి సీజన్ ఆడి ఇంత తక్కువ తెచ్చుకున్న జట్టు లేదు.

ఆ జట్టు హెడ్ కోచ్ జారెడ్ బెడ్నార్‌కి అదే మొదటి ఏడాది. అంతకుముందు ఆయన ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడలేదు, సహాయక కోచ్‌గా కూడా పనిచేయలేదు. కింది స్థాయి లీగ్ అయిన ఏహెచ్‌ఎల్‌లో లేక్ ఈరీ జట్టుకు 2016లో కాల్డర్ కప్ గెలిపించి వచ్చారు. పాత కోచ్ పాట్రిక్ రోయ్ ఆగస్టులో హఠాత్తుగా రాజీనామా చేస్తే, శిక్షణ శిబిరం ఇంకొన్ని వారాల్లో మొదలవుతుందనగా ఈయన చేతికి పగ్గాలు ఇచ్చారు. ఇలాంటి సీజన్ తర్వాత కొత్త కోచ్‌ని సాగనంపితే ఎవరూ తప్పు పట్టరు. జనరల్ మేనేజర్ జో సాకిక్ మాత్రం సాగనంపలేదు. మరుసటి ఏడాది జట్టుకు 95 పాయింట్లు వచ్చాయి, ఆఖరి మ్యాచ్‌లో ప్లేఆఫ్స్ బెర్తు ఖాయమైంది. 2022లో అదే కోచ్‌తో లీగ్ విజేతకు ఇచ్చే స్టాన్లీ కప్ గెలిచారు.

ఓపిక పడితే ఫలితం వస్తుందని చెప్పడానికి ఈ కథనే అందరూ ఎత్తుకుంటారు. కానీ ఓపిక పట్టి మునిగిపోయిన జట్లూ ఉన్నాయి, ఓపిక లేకుండా బాగుపడినవీ ఉన్నాయి. అసలు చూడాల్సింది వేరే ఉంది. ఎదురుచూస్తున్నప్పుడు కొలరాడో దేన్ని చూసింది? మిగతా జట్లు దేన్ని చూస్తున్నాయి?

వేటు కోచ్ మీదే ఎందుకు పడుతుంది

ముందు డబ్బు సంగతి. ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆటగాళ్ల జీతాలకు గట్టి పరిమితి ఉంది. 2025-26లో ఒక్కో జట్టుకు అది 9.55 కోట్ల డాలర్లు. ఆటగాడితో చేసుకున్న ఒప్పందానికి హామీ ఉంటుంది. నచ్చకపోతే కొంత సొమ్ము ఇచ్చి వదిలించుకోవచ్చు గానీ, ఆ భారం తర్వాతి సీజన్లలోనూ పరిమితి లెక్కలోకి వచ్చి కూర్చుంటుంది. కోచ్ జీతం ఆ లెక్కలోకి రాదు. తీసేస్తే ఒప్పందంలో మిగిలిన సొమ్ము యజమాని జేబులోంచి కట్టాలి, అంతే. 20 మంది ఆటగాళ్లను మార్చడం కుదరని నవంబర్ నెలలో మార్చగలిగిన మనిషి ఒక్క కోచే.

రెండోది జనరల్ మేనేజర్ కుర్చీ. ఆటగాళ్లను ఎంచుకునేది ఆయనే, కోచ్‌ని ఎంచుకునేదీ ఆయనే. జట్టు ఓడుతున్నప్పుడు ‘ఆటగాళ్లు మంచివాళ్లే, కోచ్ వాడుకోలేకపోతున్నాడు’ అన్న మాట ఆయనకు కొంత ఊపిరి పోస్తుంది. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, జట్టు కూర్పులో ఉన్న లోపం కోచ్ ఖాతాలో పడుతుంది. ఈ ఉపాయం ఒక్కసారే పనిచేస్తుంది. రెండో కోచ్ కూడా ఓడితే అందరి చూపూ జనరల్ మేనేజర్ వైపే తిరుగుతుంది.

మూడోది, వేటు వేస్తే నిజంగానే ఫలితం వచ్చినట్టు కనబడటం. 2018 నవంబర్‌లో సెయింట్ లూయిస్ బ్లూస్ జట్టు మైక్ యోని తీసేసి క్రెయిగ్ బెరూబేకి బాధ్యత ఇచ్చింది. 2019 జనవరి మొదట్లో లీగ్ మొత్తంలో ఆఖరున ఉన్న ఆ జట్టు జూన్‌లో కప్ ఎత్తింది. అంతకుముందు 2009లో, 2016లో పిట్స్‌బర్గ్ పెంగ్విన్స్, 2012లో లాస్ ఏంజెలెస్ కింగ్స్ కూడా సీజన్ మధ్యలో కోచ్‌ని మార్చి కప్ గెలిచినవే. ఇన్ని ఉదాహరణలు కళ్లముందు ఉంటే ఏ యజమానికి చేతులు కట్టుకుని కూర్చోవాలనిపిస్తుంది?

ఇక్కడే కొంచెం ఆగాలి. కోచ్‌ని తీసేసేది జట్టు ఎప్పుడూ ఆడే దానికన్నా అధమంగా ఆడుతున్నప్పుడు. అధమ దశ తర్వాత ఏం చేసినా, చేయకపోయినా, కొంత మెరుగుదల దానంతటదే వస్తుంది. ఆర్థికవేత్త బాస్ టెర్ వీల్ నెదర్లాండ్స్ ఫుట్‌బాల్ లీగ్‌లో 1986 నుంచి 2004 వరకు జరిగిన మార్పులను తీసుకుని, మేనేజర్‌ని తీసేసిన జట్లను, అలాంటి పతనమే చూసి కూడా తీసేయని జట్లతో పోల్చారు. తీసేసిన జట్లు కోలుకున్నాయి, తీసేయనివీ కోలుకున్నాయి. హాకీ వేరే ఆటే గానీ, ఈ విషయంలో ఫుట్‌బాల్ కన్నా హాకీలోనే గందరగోళం ఎక్కువ. దానికి కారణం గోల్‌కీపర్.

పాయింట్ల పట్టిక ఎంత అబద్ధం చెప్పగలదు

మంచు మీద ఆడే ఈ హాకీలో ఒక జట్టు మ్యాచ్‌కి దాదాపు 30 షాట్లు ఎదుర్కొంటుంది అనుకుందాం. సీజన్ మొత్తం మీద 2,460. గోల్‌కీపర్ అందులో 91.5 శాతం ఆపితే ఒక లెక్క, 89.5 శాతం ఆపితే ఇంకో లెక్క. ఈ రెండు శాతం తేడా అంటే ఏడాదికి 49 గోల్స్. ఒక జట్టు ప్లేఆఫ్స్‌కి వెళ్లేదీ ఇంటికి వెళ్లేదీ తేల్చడానికి అది చాలు. ఆ రెండు శాతంలో కోచ్ చేతిలో ఉన్నది ఎంత? ప్రమాదకరమైన షాట్లు తగ్గించగలడు, అలసిన గోల్‌కీపర్‌కి విశ్రాంతి ఇవ్వగలడు. గోల్‌కీపర్‌ తుంటికి శస్త్రచికిత్స అవసరమైతే ఏమీ చేయలేడు. కొలరాడో ప్రధాన గోల్‌కీపర్ సెమ్యాన్ వర్లామోవ్‌కి 2016-17లో సరిగ్గా అదే జరిగింది.

గణాంకాలు చూసేవాళ్లు దీనికి పీడీఓ అనే ఒక సులువైన లెక్క వాడతారు. జట్టు కొట్టిన షాట్లలో గోల్ అయిన శాతం, ఎదుర్కొన్న షాట్లలో ఆపిన శాతం కలిపితే వచ్చే సంఖ్య అది. లీగ్ సగటు 100. ఒక జట్టు 97 దగ్గర ఉంటే అక్కడే ఎక్కువ కాలం ఉండదు, 103 దగ్గర ఉన్నా అంతే. కొత్త కోచ్ మొదటి ఇరవై మ్యాచ్‌లు 97 దగ్గర గడిస్తే ఆయన చేతకానివాడిగా కనిపిస్తాడు, 103 దగ్గర గడిస్తే మేధావి అయిపోతాడు. ఇద్దరూ ఒకే మనిషి కావచ్చు.

అందుకే షాట్లలో జట్టు వాటా ఎంత, ఆ షాట్లు ఎక్కడి నుంచి వచ్చాయి అన్నవి పాయింట్ల కన్నా ముందుగా నిజం చెబుతాయి. పట్టికలో కనబడని విషయాలూ కొన్ని ఉంటాయి. నెల క్రితం చేసిన తప్పే మళ్లీ చేస్తున్నారా? ఆధిక్యంలో ఉన్నప్పుడు మూడో, అంటే ఆఖరి పీరియడ్‌లో పక్‌ని (బంతికి బదులు వాడే బిళ్లని) వదిలేసి వెనక్కి ముడుచుకుపోతున్నారా? 20 ఏళ్ల కుర్రాడు అక్టోబర్‌లో ఆడినదానికీ మార్చిలో ఆడుతున్నదానికీ తేడా ఉందా? కొలరాడోలో ఆ 48 పాయింట్ల ఏడాది కూడా నేథన్ మెకినన్, గాబ్రియేల్ లాండెస్కాగ్ లాంటి యువ ఆటగాళ్లు ఉన్నారు, మికో రాంటనెన్ తొలి పూర్తి సీజన్‌లోనే 20 గోల్స్ కొట్టాడు. సాకిక్ చూసింది వీళ్లనే అని నా నమ్మకం. జట్టు కూర్పు బాలేదని ఆయనకు తెలుసు, దాన్ని కూర్చినదీ ఆయనే. ఆ వేసవిలో, కుర్రాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఎవరి వంతు ముందో తేల్చే లాటరీ కూడా కలిసిరాలేదు, అట్టడుగున ఉన్న జట్టు నాలుగో స్థానానికి జారింది. ఆ నాలుగో ఎంపికతో తీసుకున్న కుర్రాడి పేరు కేల్ మకార్, 2022 కప్ గెలుపులో కీలకమైన డిఫెన్స్‌మన్.

బెడ్నార్ విషయంలో రెండో ఓపిక కూడా ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. 2019, 2020, 2021లో కొలరాడో వరుసగా మూడుసార్లు ప్లేఆఫ్స్ రెండో రౌండ్‌లోనే ఆగిపోయింది. ‘ఇక్కడిదాకా తెచ్చాడు, ఇంతకుమించి తీసుకెళ్లలేడు’ అనే మాట అప్పుడు బలంగా వినబడుతుంది. అట్టడుగు జట్టు కోచ్‌ని ఉంచడం కన్నా ఇదే కష్టమని నేను అనుకుంటాను. అట్టడుగున ఉన్నప్పుడు జనం ఏమీ ఆశించరు. గెలిచే సత్తా ఉందని తెలిశాక ప్రతి ఏడాదీ వృథా అయినట్టే కనబడుతుంది.

కొత్త కోచ్ నేర్చుకునేది ఏమిటి

ఏహెచ్‌ఎల్‌లో మ్యాచ్‌లు ఎక్కువగా వారాంతాల్లో ఉంటాయి కాబట్టి వారం మధ్యలో ప్రాక్టీస్‌కి తీరిక దొరుకుతుంది. ఎన్‌హెచ్‌ఎల్‌లో అక్టోబర్ నుంచి ఏప్రిల్ మధ్య వరకు 82 మ్యాచ్‌లు, మధ్యలో విమాన ప్రయాణాలు, ఒప్పందం ప్రకారం ఆటగాళ్లకు ఇవ్వాల్సిన సెలవులు. నిండు ప్రాక్టీస్ దొరకడమే గగనం. ప్రత్యర్థి గీత దాటి వచ్చేటప్పుడు ఎవరు ముందుకెళ్లాలి, ఎవరు ఆగాలి అనే కొత్త పద్ధతిని ఆటగాడు ఆలోచించకుండా చేసే స్థాయికి తేవాలంటే నెలలు పడుతుంది. అది ఒంటబట్టేదాకా ఆటగాడు అర క్షణం తటపటాయిస్తాడు. ఈ వేగంలో అర క్షణం అంటే గోల్. అంటే కొత్త పద్ధతి మొదట జట్టుని దిగజార్చి, ఆ తర్వాతే బాగుచేస్తుంది.

బెంచ్ వెనక నిలబడి చేసే పని ఇంకొకటి. ఒక్కో షిఫ్ట్, అంటే ఆటగాడు ఒకసారి మంచు మీదకు దిగి ఉండే సమయం, ముప్పావు నిమిషం. పన్నెండుమంది ఫార్వర్డ్‌లు, ఆరుగురు డిఫెన్స్‌మెన్ అలా మారుతూనే ఉంటారు. ఆట ఆగినప్పుడు ఆటగాళ్లను ఆఖరున మార్చే అవకాశం సొంత మైదానం జట్టుది, కాబట్టి బయటి మైదానాల్లో ప్రత్యర్థి కోచ్ తన మేటి ఆటగాళ్లను మన బలహీనమైన డిఫెన్స్ జంట మీదకు వదులుతాడు. దాని నుంచి ఎలా తప్పించుకోవాలో అనుభవమే నేర్పాలి. ఒకే ఒక్క టైమౌట్ ఎప్పుడు వాడాలి, అదనపు ఆటగాడిని దింపడానికి గోల్‌కీపర్‌ని ఎప్పుడు బయటికి లాగాలి, రిఫరీ నిర్ణయాన్ని సవాలు చేసి తప్పితే రెండు నిమిషాల పెనాల్టీ పడుతుందని తెలిసి కూడా సవాలు చేయాలా... వీటిలో ఏదీ పుస్తకం చదివితే రాదు. ఇక తనకన్నా పది రెట్లు ఎక్కువ జీతం తీసుకునే ఆటగాడిని బెంచ్ మీద కూర్చోబెట్టాక మర్నాడు ఉదయం అతనితో ఏం మాట్లాడాలన్నది అన్నిటికన్నా కష్టమైన పాఠం.

ఈ నేర్చుకోవడం ఒక్కోసారి వేరే జట్టుకు లాభంగా మారుతుంది. బ్రూస్ క్యాసిడీకి 2002లో, 37 ఏళ్ల వయసులో, వాషింగ్టన్ క్యాపిటల్స్ అవకాశమిచ్చింది. మొదటి ఏడాది ప్లేఆఫ్స్‌కి తీసుకెళ్లారు. రెండో సీజన్ సరిగ్గా మొదలవకపోయేసరికి 2003 డిసెంబర్‌లో తీసేశారు. మళ్లీ ఎన్‌హెచ్‌ఎల్ హెడ్ కోచ్ కావడానికి ఆయనకు 13 ఏళ్లు పట్టింది. అందులో చాలా ఏళ్లు ఏహెచ్‌ఎల్‌లో ప్రావిడెన్స్ జట్టుతో గడిపారు. 2017లో బోస్టన్ హెడ్ కోచ్‌ని చేసింది, 2019లో ఆ జట్టు ఫైనల్ ఆడింది, 2023లో వేగాస్‌తో కప్ గెలిచారు. 37 ఏళ్ల క్యాసిడీ అప్పటికే సిద్ధంగా ఉన్నారని నేను అనను. కానీ ఆయన చేసిన తొలి తప్పుల ఖర్చు వాషింగ్టన్ భరించింది, ఫలితం వేరేవాళ్లు తిన్నారు.

భయం ఏం చేయిస్తుంది

గడువు తక్కువని తెలిసిన కోచ్ ఎలా ప్రవర్తిస్తాడో చూస్తే అసలు నష్టం అర్థమవుతుంది. వచ్చే మూడు మ్యాచ్‌లు ఓడితే ఉద్యోగం పోతుందనుకునే మనిషి 19 ఏళ్ల ఆటగాడికి ఆఖరి ఐదు నిమిషాలు ఇవ్వడు. 33 ఏళ్ల అలసిన ఆటగాడినే దింపుతాడు, ఎందుకంటే అతను గెలిపించకపోయినా కనీసం కొంప ముంచడు. మొదటి గోల్‌కీపర్‌ని వరుసగా ఆడించి అరగదీస్తాడు. అవతల జనరల్ మేనేజర్ ఐదేళ్ల ప్రణాళికలో ఉంటాడు, ఇవతల కోచ్ మూడు వారాల ప్రణాళికలో ఉంటాడు. డ్రాఫ్ట్‌లో తెచ్చుకున్న కుర్రాళ్లు ఈ ఇద్దరి మధ్య నలిగిపోతారు.

మాంట్రియల్ కెనేడియన్స్ ఈ చిక్కుని ముందే తెంచేసింది. 2022 ఫిబ్రవరిలో మార్టిన్ సెయింట్ లూయీని కోచ్‌గా తెచ్చినప్పుడు ఆయనకు ప్రొఫెషనల్ స్థాయిలో హెడ్ కోచ్‌గా ఒక్కరోజు అనుభవం లేదు. గొప్ప ఆటగాడే, కానీ అప్పటిదాకా శిక్షణ ఇచ్చింది ఎక్కువగా పిల్లల జట్లకే. జనరల్ మేనేజర్ కెంట్ హ్యూజ్ జట్టుని మళ్లీ మొదట్నుంచి కడుతున్నామని బాహాటంగానే చెప్పారు. ఆ సీజన్ 55 పాయింట్లతో లీగ్‌లో ఆఖరున ముగిసింది. ఆ తర్వాత వరుసగా 68, 76, 91. ఆ 91 పాయింట్లే జట్టుని 2025లో ప్లేఆఫ్స్‌కి చేర్చాయి. మధ్య రెండేళ్లలో కోచ్ మీద విమర్శలు లేవని కాదు. కానీ ఎన్ని ఓటములు ఎదురవుతాయో మేనేజ్‌మెంట్‌కి ముందే అంచనా ఉంది కాబట్టి, వచ్చినప్పుడు టెన్షన్ పడలేదు.

బఫలో: రెండు రకాల అనుభవం

బఫలో సేబర్స్‌ది ఇందులో విచిత్రమైన కథ. 1997లో లిండీ రఫ్‌ని తొలిసారి హెడ్ కోచ్‌గా తీసుకున్నారు. విచిత్రం ఎక్కడ మొదలైందంటే, ఆయన ఎవరి స్థానంలో వచ్చారో ఆ టెడ్ నోలన్ అదే ఏడాది ఉత్తమ కోచ్‌గా జాక్ ఆడమ్స్ అవార్డు గెలుచుకున్నారు. గోల్‌కీపర్ డొమినిక్ హాషెక్ ఉన్నంతకాలం రఫ్‌కి బాగానే నడిచింది, 1999లో ఫైనల్ దాకా వెళ్లారు. 2001లో హాషెక్ వెళ్లిపోయాక వరుసగా మూడు సీజన్లు ప్లేఆఫ్స్ లేవు. అయినా రఫ్‌ని కదపలేదు. 2006లో ఆయనకూ జాక్ ఆడమ్స్ వచ్చింది. 2006, 2007లో జట్టు కాన్ఫరెన్స్ ఫైనల్స్ (లీగ్ ఫైనల్‌కి ముందు రౌండ్) ఆడింది.

ఇది దూరదృష్టి అని పొగడొచ్చు. అయితే 2003లో ఆ క్లబ్ దివాలా తీసిందని గుర్తుంచుకోవాలి. ఒక కోచ్‌కి జీతమిచ్చి ఇంట్లో కూర్చోబెట్టి, ఇంకొకరిని తెచ్చుకునే స్తోమత లేకపోవడం కూడా ఓపికలాగే కనబడుతుంది. ఎంత శాతం దూరదృష్టి, ఎంత శాతం ఖాళీ జేబు అనేది ఎవరి ఊహ వాళ్లది.

2013 ఫిబ్రవరిలో రఫ్‌ని తీసేశారు. ఆ తర్వాత రాల్స్టన్, మళ్లీ టెడ్ నోలన్, బైల్స్‌మా, హౌస్లీ, క్రూగర్, గ్రనాటో. పదకొండేళ్లలో ఆరుగురు. ఒకరు యువకుల్ని తీర్చిదిద్దేవారు, ఒకరు కప్ గెలిచినవారు, ఒకరు హాల్ ఆఫ్ ఫేమ్ డిఫెన్స్‌మన్. ప్రతి ఒక్కరూ ముందున్నవారికి విరుగుడుగా వచ్చినవారే, ప్రతి ఒక్కరూ కొత్త పద్ధతి తెచ్చినవారే. కుర్రాళ్లు ఒక పద్ధతి నేర్చుకునేలోపు ఇంకోటి వచ్చేది. ఈ వరుసలో ఆఖరివాడైన డాన్ గ్రనాటో 2022-23లో 91 పాయింట్లు తెచ్చి ఒక్క పాయింట్ తేడాతో ప్లేఆఫ్స్ పోగొట్టుకున్నారు. మరుసటి ఏడాది 84 రాగానే పంపించేశారు. ‘అనుభవం కావాలి’ అంటూ తెచ్చింది ఎవరినో కాదు, రఫ్‌నే. 2024-25లో జట్టుకు వచ్చినవి 79. అప్పటికి ప్లేఆఫ్స్ లేని సీజన్లు వరుసగా 14, అది లీగ్ రికార్డు.

ఓపిక లేకపోవడమే సరైందయినప్పుడు

ఇప్పుడు ఈ వాదనకు అడ్డొచ్చే సంగతి. సెయింట్ లూయిస్ బ్లూస్ 2024 మేలో డ్రూ బానిస్టర్ అనే కొత్త కోచ్‌కి రెండేళ్ల ఒప్పందమిచ్చింది. నవంబర్‌లో బోస్టన్ జట్టు జిమ్ మాంట్‌గోమరీని తీసేసింది. ఏడాదిన్నర క్రితం 65 మ్యాచ్‌లు గెలిపించి రికార్డు సృష్టించిన కోచ్ ఆయన. తీసేసిన ఐదు రోజులకే బ్లూస్ ఆయన్ని పట్టుకుంది, ఆ సీజన్‌లో 22 మ్యాచ్‌లు మాత్రమే ఆడించిన బానిస్టర్‌ని పంపించేసింది. న్యాయం చూస్తే ఇది దారుణం. ప్రధాన ఆటగాడు రాబర్ట్ థామస్ గాయంతో కొన్ని వారాలు దూరమైన ఆరంభాన్ని బట్టి ఎవరినీ తూచలేం. కానీ ఆ జట్టు తర్వాత వరుసగా 12 మ్యాచ్‌లు గెలిచింది, ప్లేఆఫ్స్‌కి వెళ్లింది. డిసెంబర్‌లో డిఫెన్స్‌మన్ క్యామ్ ఫౌలర్ రావడం కూడా కలిసొచ్చింది గానీ, ఘనత అంతా అతనిదే అనడం మొండితనం. నిజంగా మెరుగైన కోచ్ ఖాళీగా ఉన్నప్పుడు, అతను ఇంకో వారం ఆగడని తెలిసినప్పుడు, కొత్త కోచ్‌కి గడువు ఇస్తూ కూర్చోవడం ఖరీదైన మర్యాద. షికాగో కూడా 2008లో డెనిస్ సవార్డ్‌ని సీజన్ నాలుగు మ్యాచ్‌లు గడిచాక తీసేసి, జోయెల్ క్వెన్‌విల్‌ని కూర్చోబెట్టి, 2010లో కప్ గెలిచింది.

అనహైమ్ డక్స్ నిర్ణయం ఇంత తేలిగ్గా తేలదు. దశాబ్దాలు ఎదురుచూసి 60 ఏళ్లకు ఎన్‌హెచ్‌ఎల్ హెడ్ కోచ్ అయిన గ్రెగ్ క్రోనిన్ జట్టుని 59 పాయింట్ల నుంచి 80కి తెచ్చారు. 2025 ఏప్రిల్‌లో తీసేశారు. 21 పాయింట్లు పెరిగినా వేటా అని ఆశ్చర్యపోవచ్చు. కానీ ప్రత్యర్థి ఒక మనిషి తక్కువతో ఆడుతున్నప్పుడు గోల్ కొట్టడంలో, అంటే పవర్ ప్లేలో, ఆ జట్టు 11.8 శాతంతో లీగ్‌లో అట్టడుగున ఉంది. చేతిలో అంత యువ ప్రతిభ పెట్టుకుని. పవర్ ప్లే అనేది కోచింగ్ సిబ్బంది గీసి, ప్రాక్టీస్ చేయించే ఆట. అదృష్టం వాటా తక్కువ, కోచ్ వాటా ఎక్కువ. పాయింట్లు చూసి తీసేసి ఉంటే తప్పే, దీన్ని చూసి తీసేసి ఉంటే అంత తేలిగ్గా తప్పనలేను.

వేటు వేయడానికి కారణం కావాల్సింది ఇలాంటివే. షాట్ల వాటా రెండో ఏడాది కూడా కదలకపోవడం, కుర్రాళ్లు వచ్చినప్పటికన్నా వెనక్కి పోవడం, పనిచేయని పద్ధతిని కోచ్ పట్టుకుని వేలాడటం. వీటిని గమనించడానికి ఇరవై మ్యాచ్‌లు చాలవు, నాలుగేళ్లూ అక్కర్లేదు. నా లెక్కలో రెండో సీజన్ మధ్యభాగం సరైన సమయం. అప్పటికి కోచ్ సొంత శిక్షణ శిబిరం ఒకటి పూర్తిగా నడిపి ఉంటాడు, అదృష్టం అటూ ఇటూ ఊగి కొంత సర్దుకుని ఉంటుంది.

ఆ శిబిరమే ఇప్పుడు చిన్నదవుతోంది. ఆటగాళ్ల సంఘంతో కుదిరిన కొత్త ఒప్పందం ప్రకారం 2026-27 నుంచి సీజన్ 84 మ్యాచ్‌లకు పెరుగుతుంది, సన్నాహక మ్యాచ్‌లు నాలుగుకు మించవు. కొత్త కోచ్ తన పద్ధతిని తప్పులతో సహా పరీక్షించుకునే ఆటలు తగ్గి, అవే తప్పులు పాయింట్ల పట్టికలోకి ఎక్కే ఆటలు పెరుగుతాయి.